ఔలికి వెళ్లే ముందు తిరుపతిలో సాధనకు గట్టి బూటు స్కేట్లు

చలికాలంలో ఉత్తరాఖండ్‌లోని ఔలికో కశ్మీర్‌లోని గుల్‌మార్గ్‌కో వెళ్లి, మంచు మీద జారే స్కీయింగ్ నేర్చుకోవాలనుకునే తిరుపతి వాళ్లు మలుపు తిరగడం ఇక్కడే మొదలుపెట్టొచ్చు. అందుకు ఒక్కో కాలికి ఒకే వరుసలో 80 మి.మీ. చక్రాలు నాలుగు, గట్టి ప్లాస్టిక్ బూటు ఉన్న ఇన్‌లైన్ స్కేట్లు కావాలి. మెత్తటి గుడ్డ బూటు రకం చవకే గానీ ఈ పనికి వద్దు. చీలమండ పక్కకు వాలిపోయి, బరువు చక్రం అంచు దాకా చేరదు.

గట్టి బూటు విలువంతా దాని ముందు నాలుక దగ్గర తెలుస్తుంది. మోకాళ్లు వంచాక, మోకాలి కింది ముందెముక ఆ నాలుకకు ఆనే ఉండాలి. ఆ ఒత్తిడి పోయిందంటే నడుము వెనక్కి జారినట్టే. మంచు మీద స్కీలు మాట వినకపోవడానికి ముఖ్యమైన కారణం ఇదే. మడమ లేవకుండా నడిమి పట్టీ బిగించండి, పై బకెల్ మాత్రం ఒక పన్ను వదులుగా ఉంచండి. పైది మరీ బిగిస్తే మోకాలు వంగదు.

కాస్త వాలుగా, నున్నగా ఉన్న సిమెంటు నేల మీద ఎనిమిది నీళ్ల సీసాలు మూడేసి మీటర్ల దూరంలో పెట్టండి. కుడికి తిరిగేటప్పుడు బరువు ఎడమ కాలి మీద, ఎడమకు తిరిగేటప్పుడు కుడి కాలి మీద పడాలి. చేతులు రెండూ కళ్లకు కనబడేలా ముందుకు, ఛాతీ వాలు వైపు, చూపు తర్వాతి సీసా మీద. లోపలి కాలి మడమ కాస్త ఎత్తి చూడండి. ఎత్తలేకపోతే బరువు ఇంకా లోపలే ఉంది. చాలామంది మోకాళ్లు వాల్చే బదులు ఒళ్లంతా మలుపులోకి వాల్చేస్తారు, బయటి కాలు అక్కడే జారిపోతుంది.

రెండు వారాల తర్వాత స్కేట్లు తిరగేసి చక్రాలు చూడండి. ఎడమ స్కేటు చక్రాల లోపలి అంచు కుడి దాని కంటే ఎక్కువ అరిగితే, ఎడమ మలుపులో కుడి కాలి మీద బరువు సరిగ్గా వేయడం లేదని అనుమానించాలి. ఒకటో చక్రాన్ని మూడోదానితో, రెండోదాన్ని నాలుగోదానితో మార్చి, అరిగిన వైపు బయటికి వచ్చేలా బిగించండి.

లోటు కూడా ఉంది. స్కీ పక్కకు జారి వేగం తగ్గిస్తుంది, చక్రం అంత తేలిగ్గా అలా జారదు. అందుకే స్కీలతో ఆగడం మంచు మీదే నేర్చుకోవాలి. ఇక్కడ వేగం తగ్గాలంటే మలుపును ఎగువ వైపు దాకా తిప్పాలి. ఘాట్ రోడ్డు జోలికి పోవద్దు, హెల్మెట్, మణికట్టు, మోకాలి రక్షణలు లేకుండా దిగొద్దు.

తొడల బలం స్కేట్లతో చాలినంత రాదు. దానికి అలిపిరి మెట్లు దిగడమే మేలు.