కాలిబాట పక్కన ఎవరు కట్టారో తెలియని గూడు

వ్యూపాయింట్ కోసమే ఈ అడవికి వెళ్లేటట్లయితే అరగంటలో పని అయిపోతుంది. లోయ బాగానే ఉంటుంది కానీ, రెయిలింగ్ దగ్గర ఫొటోల వరుస కదలదు. అసలు చూడవలసింది అతిథి గృహం వెనుక నుంచి వాగు వెంట సాగే కాలిబాట. మొదట్లో బాణం గుర్తులు కనిపిస్తాయి, తర్వాత అవీ ఉండవు. అందుకే గైడు తప్పనిసరి.

మాతో వచ్చిన గైడు మాటల మనిషి కాదు. పక్షుల పేర్లు అడిగితేనే చెప్పాడు. ఒక మలుపులో మాత్రం తనంతట తానే ఆగి, ఎండుటాకుల కుప్ప ఒకటి చూపించాడు. అతను లేకపోతే దాన్ని దాటి వెళ్లిపోయేవాళ్లం.

దగ్గరికి వెళ్తే అది మనిషి కట్టిన గూడు! నిలువెత్తు కంటే పొడవైన వాసం ఒక కొన చెట్టు పంగలో, రెండో కొన నేల మీద. రెండు వైపులా ఏటవాలుగా పుల్లలు, వాటి మీద అడ్డదిడ్డంగా రెమ్మలు, ఆపైన ఆకులు. మోచేతి దాకా చెయ్యి దూర్చినా పుల్ల తగలలేదు. మేకు లేదు, తీగ లేదు. పంగ దగ్గర మాత్రం చెట్టు నారతో బిగించిన ముడి. లోపల ఒక్కరు పడుకోవడానికే చోటు. ఆ ఇరుకు కావాలని పెట్టిందే. నిప్పు లేని చోట ఒంటి వేడే లోపలి గాలిని వెచ్చబెట్టాలి. అందుకే ఇలాంటి వాటికి 60 నుంచి 90 సెంటీమీటర్ల మందాన ఆకులు కప్పుతారు.

కట్టిందెవరు? వేటగాడి మాటు అయితే నీటి వైపు చూసే సందులుండాలి. దీని నోరు వాగుకు పెడగా ఉంది. బూడిద లేదు, మసి లేదు. లోపల పరిచిన ఆకులు అణగనే లేదు, అంటే అందులో ఎవరూ నిద్రపోలేదు. అడవిలో చిక్కుకుంటే ఎలా బతకాలో ఎవరో సాధన చేసి ఉంటారని గైడు అభిప్రాయం, నాదీ అదే. నా స్నేహితుడు మాత్రం ఎవరో సన్యాసి ఉంటాడని పట్టుబట్టాడు. ఆ మాటనూ పూర్తిగా కొట్టిపారేయలేం, అడవిలో ఎవరి కంటా పడకుండా కట్టుకున్నవాళ్లు ఉన్నారు. చండీగఢ్‌లో సుఖ్నా సరస్సు దగ్గరి అడవిలో నేక్‌చంద్ అనే రోడ్ల ఇన్‌స్పెక్టర్ పారేసిన సామగ్రితో ఏళ్ల తరబడి రహస్యంగా శిల్పవనం కట్టుకుంటే, అధికారుల కంట పడింది 1975 ప్రాంతంలో! ఇప్పుడు అందరూ చూస్తున్న రాక్ గార్డెన్ అదే.

లోపల దూరి ఫొటో దిగాలని అందరికీ అనిపిస్తుంది. గైడు ఒప్పుకోలేదు, సరిగ్గానే చేశాడు. ఎండుటాకుల్లో పాములు, పిడుదులు ఉండవచ్చు. వాసం ఎంత పుచ్చిపోయిందో బయటి నుంచి తెలియదు. చుట్టుపక్కల ఉచ్చుల తీగలున్నాయేమో కూడా వెతికాడు. ఒక్కటైనా కనిపించి ఉంటే నేరుగా అటవీ కార్యాలయానికి చెప్పేవాడట.

బస విషయానికి వస్తే, గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లు ఉదయం మాత్రమే. రోడ్డు వైపు గదుల్లో వాహనాల మోత, వాగు వైపు గది అడగండి. కౌంటరులో ఇచ్చే పటం పాతది, కాలిబాట సగమే ఉంది. గైడును మాత్రం గదితో పాటే ముందుగా మాట్లాడుకోవాలి, ఉదయం అడిగితే దొరకరు.