పిల్లల కోసం నెట్ ఫిల్టర్ పెట్టిస్తున్నారా? రెండో డీఎన్ఎస్ చూశాకే డబ్బులివ్వండి

తిరుపతిలో ఇంట్లో పిల్లలున్నవాళ్లు, ట్యూషన్లు నడిపేవాళ్లు దయచేసి ఇది చదవండి. డీఎన్ఎస్ అంటే సైటు పేరు అడిగితే దాని అడ్రసు అంకెలు చెప్పే సర్వర్. చెడ్డ సైటుకు అడ్రసు చెప్పకపోవడమే ఈ ఫిల్టర్ పని. కంప్యూటర్లో ఇలాంటి సర్వర్లకు రెండు గడులుంటాయి.

బాలాజీ కాలనీ దగ్గర నాది చిన్న ట్యూషన్ సెంటర్. ఎనిమిది కంప్యూటర్లున్నాయి. చెడ్డ సైట్లు రాకుండా చేస్తామంటే ఒక షాపువాళ్లకు 6,500 ఇచ్చి ఫిల్టర్ పెట్టించాను. పోయిన వారం వానకు కరెంటు రెండు మూడుసార్లు పోయొచ్చింది. రూటర్ మళ్లీ ఆన్ అయిన కాసేపటికి ఎనిమిదో తరగతి పాప మౌస్ వదిలేసి లేచి నిలబడింది. "సార్, ఇదేందో వచ్చింది." సైన్సు ప్రాజెక్టుకు బొమ్మలు వెతుకుతోంది ఆ బిడ్డ. స్క్రీన్ చూసి నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

షాపతను వచ్చి ఎన్‌ఎస్‌లుకప్ అనే, డీఎన్ఎస్‌ను ప్రశ్న అడిగి చూసే కమాండ్ కొట్టి, "చూడండి సార్, ఫిల్టరే పలుకుతోంది" అన్నాడు. ఆ కమాండ్ మొదటి సర్వర్‌నే అడుగుతుంది, విండోస్ నడిచే దారిలో నడవదు. సెట్టింగ్స్‌లో డీఎన్ఎస్ గడులు తెరిపించాను. మొదటిది 1.1.1.3, క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ల ఫ్యామిలీ ఫిల్టర్. రెండోది 8.8.8.8, గూగుల్‌ది, అందులో అలాంటి ఫిల్టరే లేదు. "రెండోది స్టెప్నీ సార్, మొదటిది పూర్తిగా పోతేనే వాడుకుంటుంది" అన్నాడు.

తప్పు. విండోస్ ముందు మొదటి సర్వర్‌ను అడుగుతుంది, నిజమే. కానీ ఒక్క సెకను జవాబు రాకపోతే మిగతావాటినీ అడగడం మొదలుపెడుతుంది. ముందు ఎవరు చెబితే వాళ్ల మాటే. సర్వర్ చచ్చిపోనక్కర్లేదు, మన లైను ఒక్క క్షణం మందగిస్తే చాలు. విండోస్ బదులు వాడే ఉబుంటు లాంటి లైనక్స్‌లో ఇంకా ఇబ్బంది: ఒకసారి రెండోదానికి మారితే, అది మొరాయించేదాకా అక్కడే ఉండిపోతుంది. చాలా రూటర్లలో ఉండే డీఎన్ఎస్‌మాస్క్ అనే ప్రోగ్రాం అయితే, వరస పాటించమని విడిగా చెప్పకపోతే, త్వరగా పలికిన సర్వర్ వైపే మొగ్గుతుంది. ఇక మొదటిది, రెండోది అన్న మాటకు అర్థమేముంది?

రెండు గడుల్లోనూ ఒకే రకం ఫిల్టర్ ఉండాలి. 1.1.1.3కి జోడీ 1.0.0.3. ఇది 2020 నుంచి అందరికీ ఉచితమే, నేనిచ్చిన 6,500 ఆ అంకెలు టైపు చేసినందుకు. ఐపీవీ6 (కొత్త రకం నెట్ అడ్రసులు) గడులు కూడా చూడండి, అక్కడ నెట్ కంపెనీ సర్వర్ కూర్చుని ఉంటే ప్రశ్నలు అటే పోవచ్చు.

షాపతను మీ ముందుండగానే మొదటి గడిలోది తీసేయించి, రెండోది మాత్రమే ఉంచి, ఆగాల్సిన సైటు తెరిపించండి. తెరుచుకుంటే డబ్బులివ్వకండి.

నా డబ్బులు వెనక్కివ్వలేదు. ఎనిమిదింటిలోనూ నేనే మార్చుకున్నాను. ఆ పాప వాళ్లమ్మను పిలిచి జరిగింది జరిగినట్టు చెప్పాను. పాప మళ్లీ వస్తోంది, కానీ ఇంకా ఆ కంప్యూటర్ దగ్గర కూర్చోనంటోంది.