బల్లార్షా ఎండల్లో ఏళ్లుగా వాడుతున్న కే10టెంప్ డ్రైవర్

మాది చంద్రపూర్ జిల్లా బల్లార్షా. పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. 2018లో ఏఎండీ కంపెనీ ప్రాసెసర్ రైజెన్ 7 2700ఎక్స్ కొని, కంప్యూటర్‌లో లినక్స్ వేసుకున్నాను. ఆ ప్రాసెసర్ ఎంత వేడెక్కిందో అప్పటి నుంచీ నాకు చెప్తున్నది కర్నెల్‌లో, అంటే లినక్స్‌కు గుండెలాంటి భాగంలో ఉండే కే10టెంప్ డ్రైవరే. ప్రాసెసర్‌లోని వేడి అంకెను చదివి చూపించే చిన్న ప్రోగ్రామ్ అది.

మా దగ్గర మే నెలంటే 45 డిగ్రీలు మామూలు. పైన రేకులు, బయట బొగ్గు దుమ్ము. రాత్రి రెండర్ (ఎడిట్ చేసిన వీడియోను కంప్యూటర్ పూర్తి ఫైలుగా తయారుచేయడం) పెట్టి పడుకోవాలంటే లోపల వేడి ఎంతుందో తెలియాల్సిందే.

మొదటి ఎండాకాలం మాత్రం టెన్షన్‌తోనే గడిచింది. రెండర్ మొదలైతే చాలు, 88 డిగ్రీలు చూపించేది. ఈ ప్రాసెసర్‌కు కంపెనీ చెప్పిన గరిష్ఠం 85. రిపేరు షాపుకి తీసుకెళ్తే ప్రాసెసర్ మీద వేడి లాగడానికి పూసే పేస్టు మార్చి డబ్బులు తీసుకున్నారు. ఇంటికి తెచ్చి చూస్తే మళ్లీ అదే 88.

అసలు సంగతి తర్వాత తెలిసింది. ఈ చిప్పు బయటికి చెప్పే అంకె పేరు టీసీటీఎల్. అది ఫ్యాన్ వేగం నిర్ణయించడానికి వాడే లెక్క, నిజమైన వేడి కాదు. 2700ఎక్స్‌లో అది అసలు కంటే 10 డిగ్రీలు ఎక్కువ ఉంటుంది, 1700ఎక్స్ అనే మోడల్‌లో అయితే 20. అంటే నా 88 నిజానికి 78! ఏ మోడల్‌కు ఎంత తీసేయాలో డ్రైవర్‌లోనే ఒక పట్టిక ఉంటుంది. నా పాత కర్నెల్‌లోని పట్టికలో నా మోడల్ లేదు, అంతే. కర్నెల్ అప్‌డేట్ చేశాక అసలు వేడి టీడై పేరుతో పక్కనే కనిపించింది. ఆ రాత్రి నిశ్చింతగా పడుకున్నాను.

నాకు ఈ డ్రైవర్ మీద గౌరవం పెరిగింది ఇంకో విషయంలో. కర్నెల్ 5.6 వెర్షన్‌లో వోల్టేజీ, కరెంటు అంకెలు కూడా చూపించడం మొదలుపెట్టారు. నాకు భలే నచ్చాయి. కానీ వాటికి కంపెనీ నుంచి సరైన పత్రాలు లేవని 5.11లో తీసేశారు. అప్పుడు బాధపడ్డాను. ఇప్పుడు ఆలోచిస్తే అదే సరైన పని అనిపిస్తుంది. తప్పు అంకె ఎంత భయపెడుతుందో నాకు తెలుసు.

లోటు లేదని కాదు. కొత్త తరం ప్రాసెసర్ వచ్చినప్పుడల్లా దాని గుర్తింపు సంఖ్యలు డ్రైవర్‌లో చేరాలి. మా బావ కొత్త మిషన్ కొని పాత కర్నెల్ వేస్తే ప్రాసెసర్ వేడి అసలు కనిపించలేదు. కర్నెల్ మార్చాకే వచ్చింది. ఫ్యాన్ వేగం కూడా ఇందులో ఉండదు, దానికి మదర్‌బోర్డు చిప్పుకు తగ్గ వేరే డ్రైవర్ కావాలి.

ఇప్పుడు రెండర్‌లో టీడై 80 దాటిందంటే బ్లోయర్ తీసుకుని హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడి లాగే లోహపు భాగం) దుమ్ము దులుపుతాను. ఐదారు డిగ్రీలు తగ్గుతుంది. మళ్లీ పేస్టు కోసం షాపుకి వెళ్లలేదు.