ఉద్దానంలో పది రోజులు: ఒక సర్వీస్ లెర్నింగ్ శిబిరం గురించి

ఇంటర్ మొదటి సంవత్సరం పూర్తి చేసిన మా అబ్బాయి ఈ వేసవిలో, శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానమని పిలిచే కొబ్బరి తోటల ప్రాంతంలోని కవిటి మండలంలో ఒక స్వచ్ఛంద సంస్థ నిర్వహించిన పది రోజుల శిబిరానికి వెళ్లి వచ్చాడు. నిర్వాహకులు దానిని సేవా శిబిరమని అనలేదు, సర్వీస్ లెర్నింగ్ శిబిరమన్నారు. నిరుడు శ్రీకాకుళం పట్టణంలోనే మరొక సంస్థ పెట్టిన మామూలు సేవా శిబిరానికి కూడా వాడిని పంపాను గనుక, పేరులోని ఆ తేడా పనిలో ఎంతవరకు కనిపించిందో చెప్పగలననుకుంటున్నాను. రెండింటి మీదా నాకు ఫిర్యాదులున్నాయి కాబట్టి సంస్థల పేర్లు రాయడం లేదు.

నిరుటి శిబిరంలో ఆరు రోజుల పాటు పిల్లలు నాగావళి ఒడ్డున ప్లాస్టిక్ ఏరారు, ఆదివారం అరసవల్లి గుడి దగ్గర భక్తులకు మజ్జిగ పోశారు, ఒక బడి గోడలకు సున్నం వేశారు. పూటపూటకూ గంటలు లెక్కగట్టి, చివరి రోజున నలభై గంటల సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపించారు. ఏరిన చోటే మూడో రోజుకు చెత్త మళ్లీ ఎందుకు పేరుకుందని అడిగినవారు లేరు. అంతమాత్రాన అటువంటి సేవను చులకన చేయను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం తోటలను నేలమట్టం చేసినప్పుడు, దారికి అడ్డంగా పడిన కొబ్బరి చెట్లను నరికి, ఊళ్లకు మంచినీళ్లు చేర్చినవారిని ‘దీని వల్ల మీరేమి నేర్చుకున్నారు’ అని అడగవలసిన అవసరం ఎవరికీ లేదు. అక్కడ పని జరగడమే ముఖ్యం.

సర్వీస్ లెర్నింగ్‌కు మాత్రం పని జరగడం ఒక్కటే చాలదు. 1960ల చివరలో అమెరికాలో రాబర్ట్ సిగ్మన్, విలియం రామ్‌సే ఈ మాటను వాడుకలోకి తెచ్చారు. చేసే సేవ ఒక పాఠ్యాంశంతో ముడిపడి ఉండాలి, పనికి ముందు చదువు, తరువాత ఆలోచన తప్పనిసరిగా ఉండాలి. ఈ విషయంలో కవిటి శిబిరానికి మంచి మార్కులే వేస్తాను. మొదటి రెండు రోజులు పిల్లలను ఊళ్లోకే పంపలేదు. ఇక్కడి ఊళ్లలో చాలామందిని ఏళ్లుగా పీడిస్తున్న ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి ఇంతవరకు ఏది తెలిసిందో, ఏది తేలలేదో చెప్పి, కారణం నిర్ధారణ కాలేదు గనుక ‘నీళ్ల వల్లే’ అనే మాట ఎవరి గుమ్మంలోనూ అనరాదని గట్టిగా హెచ్చరించారట. తాగునీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములకు మించకూడదని, వేరే ఆధారం లేనిచోట 2000 వరకు అనుమతి ఉందని, ఫ్లోరైడుకు ఆ హద్దులు 1, 1.5 మిల్లీగ్రాములని భారతీయ ప్రమాణాలను కెమిస్ట్రీ పాఠంలాగానే బోధించారు.

మూడో రోజు నుంచి ఇద్దరిద్దరు పిల్లలు నీటిలో కరిగిన లవణాల మోతాదు చూపే ఒక టీడీఎస్ మీటరు, సీసాల సంచి పట్టుకుని ఇంటింటికీ తిరిగారు. పట్టబోయే నీళ్లతోనే సీసాను మూడుసార్లు తొలిచి, నింపి, మూత బిగించి, ఇంటి నంబరు, వేళ రాసిన చీటీ అంటించాలి. మా వాడు మొదటి పూట బోరింగు కొట్టగానే వచ్చిన నీళ్లు పట్టేశాడు. అవి పైపులో నిలిచిపోయిన నీళ్లని సాయంత్రం తెలిసి, మర్నాడు ఆ నాలుగిళ్లకూ తిరిగి వెళ్లి, కాసేపు కొట్టి పారబోసి మళ్లీ పట్టాడు. రాత్రి భోజనానికి ముందు గంటసేపు చర్చ, తరువాత నోటు పుస్తకంలో ఒక పేజీ రాయడం ఉండేవి. వాడి పుస్తకంలో ఒక పేజీ ఇలా ఉంది: ‘మీటరు తక్కువ చూపించింది కాబట్టి ఈ బావి నీళ్లు మంచివని రాశాను. సారు కొట్టేశారు. మీటరుకు ఉప్పులు ఎంత ఉన్నాయో తెలుస్తుంది గాని ఏ ఉప్పో తెలియదు, క్రిములు అసలే కనబడవు.’ నిరుటి నలభై గంటల్లో ఇటువంటి వాక్యం ఒక్కటీ పుట్టలేదు.

లోపం సేవ వైపున ఉంది. ఐదో రోజున ఒక మామ్మ, మీటరు ముంచి అంకె రాసుకుంటున్న మా వాడిని, ‘ఏటి రాసుకుంతన్నారు బాబూ? ఈ నీలు తాగొచ్చా, మానెయ్యాలా? అదొకటి సెప్పి ఎల్లండి’ అని నిలదీసిందట. వాడి దగ్గర జవాబు లేదు, వాడిని పంపినవారి దగ్గరా లేదు. సేవ ఎలా ఉండాలో నిర్ణయించవలసింది ఆ సేవ పొందేవారేనని సిగ్మన్ 1979లోనే మొదటి సూత్రంగా చెప్పాడు. ఇక్కడ మాత్రం ఊరికి ఏమి కావాలో అడగకముందే నీటి పరీక్ష ఖాయమైపోయింది. చివరి రోజున గ్రామసభ పెట్టి ఫలితాలు చదివి వినిపిస్తామన్న మాట కూడా నిలబెట్టుకోలేదు. కాగితాలన్నీ ఫైలులో సర్దుకుని వెళ్లిపోయారు. రెండుసార్లు ఫోన్ చేశాను. రిపోర్టు తయారవుతోందని రెండుసార్లూ ఒకే జవాబు వచ్చింది. పిల్లలకు చదువు దక్కింది సరే, తలుపు తీసిన ఊరికి ఏమి దక్కిందని తరువాతి విడతకు దరఖాస్తు చేసే తల్లిదండ్రులు ముందుగానే అడగడం మంచిది.

మిగతా ఏర్పాట్లు ఫరవాలేదు. రుసుము రెండువేల ఐదువందలు. ఎనిమిది మందికి ఒక పర్యవేక్షకుడు ఉన్నారు, పదకొండు దాటాక సాయంత్రం నాలుగు వరకు ఎండలోకి పంపలేదు. పనసకాయ కూర వారంలో నాలుగుసార్లు పెట్టారని మా వాడి గొడవ, నాకది ఫిర్యాదులా తోచలేదు. స్నానాల గదులు మాత్రం చాలవు.

ఫోన్ల వల్ల లాభం లేదని తేలాక, మా వాడు తాను తిరిగిన ఇళ్ల అంకెలను పుస్తకంలోంచి ఒక తెల్లకాగితం మీదికి ఎక్కించి, ఒక్కొక్కదాని పక్కన మీటరు ఏమి చెప్పగలదో, ఏమి చెప్పలేదో తేలిక మాటల్లో రాసి, ఆ ఊరి ఆశా కార్యకర్తకు పోస్టు చేశాడు. మామ్మ ఇల్లు ఆ జాబితాలో పదకొండోది.