పెండ్లి పత్రిక: చేతికివ్వాలా, వాట్సాప్‌లో పంపాలా? ఏది మేలు?

కడపలో చాలా ఇండ్లలో మొదటి పత్రిక దేవుని కడప వెంకటేశ్వరస్వామికే. నాలుగు మూలలా పసుపు పూసి స్వామి ముందర పెట్టించినాక మేనమామకు, దగ్గరి పెద్దలకు. ఇందులో ఎవరికీ పేచీ లేదు. మిగతా నాలుగైదు వందల మంది దగ్గరే చిక్కు.

ఖర్చు చూస్తే వాట్సాప్‌దే పైచేయి. కార్డుల కంటే తిరుగుడుకే ఎక్కువవుతుంది. ఒకరు ప్రొద్దుటూరులో, ఒకరు రాయచోటిలో, పిల్లకాయలంతా బెంగళూరులో. తప్పు పడితే ఫోన్‌లో దిద్ది మళ్లీ పంపొచ్చు కూడా. అచ్చయిన కార్డులో ‘బంధుమిత్రుల అభినందనలతో’ కింద చిన్నాయన పేరు లేకపోతే మాత్రం ఆ కోపం పెండ్లయినా చల్లారదు.

అయినా పెద్దవాళ్ల దగ్గర వాట్సాప్ చెల్లదు. మా వైపు పత్రిక ఇవ్వడమంటే ఇంటికి పోయి, ఆడవాళ్లకు బొట్టు పెట్టి, “అందరూ ముందురోజే రావల్ల” అని నోరారా చెప్పడం. కార్డు తేదీ, స్థలం గుర్తుండటానికే. గ్రూపులో పడేస్తే “చూసినాంలే” అంటారు, రారు.

రాతలో మాత్రం నా ఓటు పాత పద్ధతికే, అదీ ఒక్క కారణంతో. పంచాంగం ప్రకారం వారం సూర్యోదయంతో మారుతుంది. తెల్లవారుజామున 3.40కి ముహూర్తమైతే పాతకాలం పత్రికలో ‘బుధవారం రాత్రి తెల్లవారితే గురువారం’ అని వేస్తారు. ఫోన్‌లో దొరికే రెడీమేడ్ డిజైన్లలో ‘గురువారం 3.40 ఏఎం’ అని ఊరుకుంటారు. గురువారం రాత్రి బయల్దేరే చుట్టాలు ఖాయం! ఆ ఒక్క ముక్క ఉంచి, ‘మదర్పిత చందన తాంబూలాదులు స్వీకరించి’ లాంటివి తీసేసినా నష్టం లేదు. వాటిని చదివేవాళ్లు తక్కువ.

‘కానుకలు స్వీకరించబడవు’ అని వేయడం ఈమధ్య మర్యాదగా చెలామణీ అవుతోంది. మనం వాళ్లింట్లో చదివించినది తిరిగి చదివించాలని ఎదురుచూసేవాళ్లకు ఆ మాట ఇబ్బందే. వేయకపోవడమే మేలనిపిస్తుంది. కార్డు మీద క్యూఆర్ కోడ్ వేయడమైతే మరీ వసూలులా ఉంటుంది.

కాబట్టి నేనైతే ఇట్లా పంచుకుంటాను. కడపలోనూ చుట్టుపక్కల ఊర్లలోనూ ఉన్న పెద్దలకు, వియ్యంకుల వైపు వాళ్లకు చేతికే. వాళ్లవరకే కార్డులు కొట్టిస్తే చాలు. దూరపు చుట్టాలకు ముందు అమ్మో నాయనో ఫోన్ చేయాలి, పత్రిక ఆ తర్వాతే పోవాలి. ఆఫీసు స్నేహితులకు వాట్సాప్ ఒక్కటే సరిపోతుంది. ఎవరికి పంపినా విడివిడిగా పంపాలి. కార్డు కింద “మామా, అత్తను తీసుకొని ముందురోజు రిసెప్షన్‌కే రావల్ల” అని వరుస పెట్టి ఒక లైను టైపు చేసి, మండపం లొకేషన్ కూడా జత చేయండి.