ఇల్లు లేనివాళ్లకు ఓటరు నమోదు, విజయవాడ వన్‌టౌన్‌లో మా అనుభవం: 5కి 2

నిబంధన వరకూ అయితే 5కి 5 ఇస్తాను. దాన్ని అమలు చేస్తున్న తీరుకి మాత్రం 2 కంటే ఇవ్వలేను.

ముందు నిబంధనే చెప్తాను, ఎందుకంటే మేము వెళ్లిన ఆఫీసులో కౌంటర్ దగ్గర కూర్చున్నాయనకే అది తెలియదు. ఇల్లు లేని మనిషి రాత్రిపూట ఎక్కడ పడుకుంటాడో అదే అతని అడ్రస్. కొత్తగా ఓటు కోసం పెట్టే ఫారం-6లో ఆ చోటు రాసిస్తే బీఎల్వో, అంటే ఆ బూత్ ఓటర్ల జాబితా చూసే అధికారి, రాత్రి వేళ అక్కడికి వచ్చి చూడాలి, అది కూడా ఒక్క రాత్రితో సరిపెట్టకూడదు. ఆ మనిషి నిజంగా అక్కడే పడుకుంటున్నాడని తేలితే కరెంటు బిల్లు, అద్దె అగ్రిమెంటు, ఏదీ అడగకూడదు. ఇది ఎన్నికల సంఘం పెట్టిన నియమమే. ఫారం-6లో అడ్రస్ ప్రూఫ్‌ల జాబితా కింద కూడా, ఏ కాగితమూ లేకపోతే అధికారిని పంపి విచారణ చేయించాలని, ఇల్లు లేనివాళ్లనే ఉదాహరణగా చూపించి మరీ రాశారు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం అడిగేది ఆ నియోజకవర్గంలో మామూలుగా ఉంటున్నాడా లేదా అన్నదే. ఇల్లు సొంతమైనంత మాత్రాన అక్కడ నివాసి అయిపోరని కూడా అదే చట్టం 20వ సెక్షన్‌లో ఉంది. అంటే ఓటుకీ ఇంటికీ చట్టం ఎప్పుడూ ముడిపెట్టలేదు, ముడిపెట్టింది మన ఆఫీసులే.

మాది కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర చిన్న కొట్టు. మా వీధిలో ముఠా పని చేసే ఒక పెద్దాయన ఉన్నాడు, అందరం బాబాయ్ అంటాం. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి చాలా ఏళ్లయింది. పగలంతా బస్తాలు మోస్తాడు, రాత్రి షాపులు కట్టేశాక మా పక్క కొట్టు అరుగు మీద అట్టలు పరుచుకుని పడుకుంటాడు. సంచి ఎవరో ఎత్తుకుపోయారు, ఆధార్ దాంతోనే పోయింది. 2024 మే 13న వీధిలో అందరం వేలికి సిరా చుక్కతో తిరుగుతుంటే ఆయన ఆ అరుగు మీదే కూర్చుని ఉన్నాడు. ఓటెయ్యలేదా బాబాయ్ అంటే "నాకెవరిస్తారమ్మా ఓటు" అన్నాడు. ఆ మాట నాకు చాలా రోజులు మనసులో ఉండిపోయింది.

ఆధార్ నంబరు ఎలాగో పట్టుకుని మళ్లీ కార్డు తీయించాం. కానీ దాని మీద ఊరి అడ్రస్ ఉంటుంది కదా, ఇక్కడుంటున్నట్టు అది చెప్పదు. ఊళ్లో ఓటు ఉందేమోనని కూడా వెతికించాం. ఉంటే కొత్తగా పెట్టకూడదు, ఫారం-8తో ఇక్కడికి మార్పించుకోవాలి. లేదు, ఎప్పుడో తీసేసినట్టున్నారు. సరే ఫారం-6 నింపడానికి కూర్చుంటే అడ్రస్ దగ్గర మొదటి గడిలోనే ఇంటి నంబరు. బాబాయ్ నా మొహం చూశాడు. నేను షాపు పేరు రాసి "షాపు ముందు అరుగు, రాత్రి 10 తర్వాత" అని రాశాను. కౌంటర్‌లో తీసుకోనన్నారు. అద్దె కాగితం తెమ్మన్నారు, లేదంటే ఎవరింట్లోనైనా ఉంటున్నట్టు రాయించుకు రమ్మన్నారు. అంటే మమ్మల్నే అబద్ధం రాయమన్నట్టు! ఫారం తిప్పి ఆ అడుగున ఉన్న ముక్క చూపిస్తే గానీ తీసుకోలేదు.

తర్వాత బీఎల్వో వచ్చారట, మిట్టమధ్యాహ్నం. ఆ టైములో బాబాయ్ లారీ దగ్గర బస్తాలు దింపుతూ ఉంటాడు. అరుగు ఖాళీగా కనిపించింది, "ఈ చిరునామాలో లేరు" అని రాసుకుని వెళ్లిపోయారు, దరఖాస్తు కొట్టేశారు. నాకు నిజంగా కోపం వచ్చింది. రాత్రి వచ్చి చూడమని ఉన్న నియమం ఉన్నదే ఇందుకు కదా.

అయితే బీఎల్వోల వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. వాళ్లలో చాలామంది అంగన్‌వాడీ వాళ్లు, టీచర్లు, సచివాలయం ఉద్యోగులు, అసలు ఉద్యోగం చేసుకుంటూ పైన ఇది కూడా చూసుకోవాలి. దీనికిచ్చే పారితోషికం 2025లో పెంచాకే ఏడాదికి 12,000 రూపాయలు అయింది. ఒక ఆడమనిషిని రాత్రి పదిన్నరకి బస్టాండు ఫుట్‌పాత్ మీదకో రైల్వే స్టేషన్ బయటకో ఒంటరిగా వెళ్లమంటే ఎలా వెళ్తుంది? తోడుకి ఒక కానిస్టేబుల్నో, పక్క బూత్ వాళ్లనో పంపిస్తే సగం సమస్య తీరుతుంది. డబ్బు ఖర్చయ్యే పని కాదు, ఎవరో ఒకరు ఆర్డర్ వేయాలి అంతే.

మళ్లీ పెట్టాం. ఈసారి ఫారంతో పాటు తెల్లకాగితం మీద "దరఖాస్తుదారుకి ఇల్లు లేదు, రాత్రి విచారణ చేయగలరు" అని రాసి, నా ఫోన్ నంబరు ఇచ్చి, రసీదు అడిగి తీసుకున్నాం. ఈసారి వచ్చిన మేడమ్ ముందే ఫోన్ చేశారు. వాళ్లాయన బండి మీద దింపితే వచ్చారు. బాబాయ్ అట్టలు పరుచుకుంటుంటే చూశారు, ఫొటో తీసుకున్నారు, ఎదురు బంగారం కొట్టు వాచ్‌మన్‌ని అడిగారు. "పెద్దాయనా, వానొస్తే ఎక్కడుంటారు?" అని కూడా అడిగారు. ఇంకో రాత్రి చెప్పకుండా వచ్చి చూసి వెళ్లారు. ఆవిడకి వేరుగా 5 స్టార్లు. పేరు జాబితాలోకి ఎక్కింది. కార్డు స్పీడ్ పోస్టులో వస్తుంది కాబట్టి పోస్ట్‌మన్‌కి ముందే చెప్పి పెట్టాం, మా కొట్లోనే ఇచ్చాడు.

బాబాయ్‌ది ఒకే అరుగు, అందుకని కుదిరింది. కృష్ణా ఘాట్ల దగ్గర పడుకునేవాళ్లని దసరా రద్దీ వచ్చిందంటే లేపి పంపించేస్తారు. ఈ రాత్రి కృష్ణలంక, రేపు దుర్గ గుడి కింద. నగరంలో మూడు అసెంబ్లీ సీట్లు, నాలుగు వీధులు జరిగితే నియోజకవర్గమే మారిపోవచ్చు. వీళ్ల విషయంలో ఈ రాత్రి విచారణ నియమం కూడా చాలదు. షెల్టర్లలో ఉండేవాళ్లకైతే అక్కడే క్యాంపు పెట్టి ఒక్క సాయంత్రంలో రాసుకోవచ్చు, అది చేయకపోవడానికి నాకు కారణం కనపడటం లేదు.

ఎవరికోసమైనా పెట్టేవాళ్లకి: ఓటరు హెల్ప్‌లైన్ 1950 నంబరుకి ఫోన్ చేస్తే దరఖాస్తు సంగతి తెలుస్తుంది. కొట్టేస్తే కారణం రాతపూర్వకంగా అడగండి, 15 రోజుల్లోపు జిల్లా కలెక్టర్‌కి అప్పీలు చేసుకోవచ్చు. ఎన్నికలొచ్చాక చూద్దాంలే అనుకోవద్దు, నామినేషన్ల ఆఖరి తేదీ దాటాక కొత్త పేర్లు చేర్చరు. ఓటు వేసే రోజు కార్డు పోయినా భయం లేదు, జాబితాలో పేరుండి ఆధార్, ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్ లాంటిది ఒకటి ఉంటే చాలు. మార్కెట్ చుట్టుపక్కల ఎవరికైనా ఫారం నింపాల్సి ఉంటే సాయంత్రం ఏడు దాటాక మా కొట్టుకి తీసుకురండి, నేను నింపి పెడతాను.