సిడ్నీ హార్బర్ బ్రిడ్జి: ఎక్కడం కన్నా నడవడమే నచ్చింది

సిడ్నీలో నేనూ అమ్మా మూడు రోజులున్నాం. మూడు రోజులూ ఏదో ఒక వంకతో హార్బర్ బ్రిడ్జి దగ్గరికే చేరాం.

మొదటి రాత్రి బస మాత్రం నిరాశపరిచింది. 'బ్రిడ్జి వ్యూ' అని ఎక్కువ డబ్బు కట్టి తీసుకున్న గదిలోంచి, రెండు భవనాల సందులో బ్రిడ్జి ముక్క ఒకటి కనిపించింది, అంతే. బుక్ చేసేముందు ఏ అంతస్తు, ఏ వైపు అని అడిగి తీరాలి. మర్నాడే అవతలి ఒడ్డున కిరిబిల్లీలో మామూలు గదికి మారిపోయాం. నా మాట వింటే అక్కడే దిగండి. పక్కనే మిల్సన్స్ పాయింట్ స్టేషన్. అక్కడ రైలెక్కితే బ్రిడ్జి మీదుగానే సిటీలోకి వెళ్తాం.

తూర్పు వైపు కాలిబాట మీద నడవడానికి టికెట్ లేదు. అమ్మకి మోకాళ్ల నొప్పులు కాబట్టి మెట్ల సంగతి తలచుకుని టెన్షన్ పడ్డాను కానీ, రెండు చివర్లా లిఫ్టులున్నాయి. నడుస్తూ నడుస్తూ అమ్మ ఒకచోట ఆగి, బూడిదరంగు పెయింట్ కింద బొడిపెల్లా ఉన్న రివెట్ల మీద, అంటే ఉక్కు పలకల్ని కలిపి బిగించే మేకుల మీద, చెయ్యి వేసింది. "ఇవన్నీ మనుషులే కొట్టార్రా?" అంది. అవును, దాదాపు 60 లక్షలు. ఎర్రగా కాల్చిన రివెట్‌ను ఒకరు విసిరితే, ఇంకొకరు బకెట్‌తో పట్టుకునేవాళ్లు. కింద సముద్రం. 1932 మార్చి 19న బ్రిడ్జి తెరిచేలోపు 16 మంది కార్మికులు చనిపోయారు. ఈ మాట చెప్పాక అమ్మ చాలాసేపు చెయ్యి తియ్యలేదు.

పైకి ఎక్కించే బ్రిడ్జి క్లైంబ్‌కి నేనొక్కణ్నే వెళ్లాను. నడుముకి బెల్టు కట్టి, 134 మీటర్ల ఎత్తుకి తీసుకెళ్తారు. గైడ్ ఓపిగ్గా చెప్పారు, రక్షణ విషయంలో వంక పెట్టడానికి లేదు. కానీ ఖర్చు ఎక్కువ, ఫోన్ కిందే వదిలెయ్యాలి. బ్రిడ్జి చివరున్న రాతి గోపురం (పైలాన్) పైకెక్కి చూసే పైలాన్ లుకౌట్‌కైతే 200 మెట్లు. టికెట్ చాలా తక్కువ, కట్టిన కథంతా లోపల ఉంది, ఫోటోలు తీసుకోవచ్చు. ఈ రెండింటిలో ఒక్కటే చూసే వీలుంటే నేను దీన్నే ఎంచుకుంటాను. అమ్మలాంటి వాళ్లకి మాత్రం ఆ మెట్లు కష్టం.

సిటీ వైపు బ్రిడ్జి కిందున్న డాస్ పాయింట్ పార్కుని చాలామంది వదిలేస్తారు, వదలకండి. చివర్లలో ఉన్న గ్రానైట్ పైలాన్లే ఆర్చిని మోస్తున్నాయని నేను ఇన్నాళ్లూ అనుకున్నాను. అవి అందం కోసం కట్టినవట! 503 మీటర్ల ఆర్చి భారమంతా నేల దగ్గరున్న నాలుగు పెద్ద ఉక్కు కీళ్ల మీదే పడుతుంది. ఎండకి ఉక్కు సాగినా, చలికి ముడుచుకున్నా ఆర్చి విరగకుండా కాస్త కదిలే వీలు వాటివల్లే. వాటిలో రెండు ఈ పార్కు పక్కనే, కళ్లెదురుగా కనిపిస్తాయి.

చివరి సాయంత్రం సిటీ వైపున్న సర్క్యులర్ కీ రేవు నుంచి ఫెర్రీలో మిల్సన్స్ పాయింట్‌కి తిరిగొచ్చాం. బ్రిడ్జి కిందికి రాగానే అమ్మ లేచి నిలబడి, ఆ రివెట్ల వరసల్ని తలెత్తి చూస్తూనే ఉంది.